మావారు విసిరిన బంతి

ఎనభైల మొదట్లో, పెళ్లయిన కొత్తలో, మేం అరిజోనాలో ఉండేవాళ్లం. మా ఊళ్లో ప్రాక్టీసుకి జపాన్ బేస్‌బాల్ జట్టు వస్తే చూడ్డానికి వెళ్లాం. ఒక బంతి మావారి కాళ్ల దగ్గర పడింది. అక్కడ జనంలోకొచ్చిన బంతిని ఎవరికి దొరికితే వాళ్లే ఉంచుకుంటారు. మావారికి తెలిసింది క్రికెట్టే. బలంకొద్దీ మైదానంలోకి విసిరేశారు.

అప్పుడే క్యాచర్, అంటే వాళ్ల వికెట్ కీపర్ లాంటివాడు, మాస్కు తీసి మంచినీళ్లు తాగుతున్నాడు. బంతి తిన్నగా అతని తలకేసి వెళ్తోంది. పక్కనున్న జట్టు మేనేజర్ ఉత్త చేయి అడ్డంపెట్టి పట్టేశాడు.

గార్డు వచ్చి మావారి భుజం పట్టుకున్నాడు.

"మనవైపు బాల్ రిటర్న్ చేస్తాం కదే!" అన్నారాయన.

"గ్రీన్‌కార్డ్ ఇంటర్వ్యూ ముందు ఇదేంటండీ!" నాకు ఏడుపొచ్చేసింది.

మేనేజర్ వచ్చి గార్డును ఆపాడు. వాచిపోతున్న చూపుడువేలు మాకు చూపిస్తూ, నవ్వుతూనే ఏదో అన్నాడు.

"ఈయనా ఒకప్పుడు క్యాచరే," అని ఆయన వెంట వచ్చిన దుబాసీ వివరించాడు. "ఆటలో వేళ్లన్నీ విరిగి వంకరపోయాయి. రిటైరయ్యేనాటికి తిన్నగా మిగిలింది ఈ ఒక్క వేలేనట."

ఇప్పటికీ పార్కులో పిల్లల బంతి దొర్లుకుంటూ వస్తే, మావారు వంగి తీసి, నడిచి వెళ్లి చేతికే ఇచ్చి వస్తారు.