తలకిందుల మనిషి బొమ్మ

మా నాలుగేళ్ళ కూతురి బుర్ర ఎంతపాటిదో తేల్చడానికి ఆ మేడమ్‌కు రెండు నిమిషాలు పట్టింది. బద్వేలులో మా చీరల కొట్టుకు రెండు వీధుల అవతల ఇంగ్లీషు మీడియం బడి ఆమెది. చదువుల తల్లి తన టేబుల్ సొరుగులోనే కాపురముంటున్నట్టు మాట్లాడుతుంది. ఎల్‌కేజీ సీటు కోసం వెళ్ళాం. పాప ముందు తెల్లకాగితం పెట్టి, తను ఎదురుగా కూర్చుని, మనిషి బొమ్మ వెయ్యమంది. మా పిల్ల నాలుక బయటపెట్టి, కష్టపడి వేసింది. కాళ్ళు పైన, తల కింద. మేడమ్ లేచి, మా వెనక్కు వచ్చి నిలబడి చూసింది.

"ఈ పిల్లకు పైన, కింద తెలియడం లేదు. డాక్టరుకు చూపించండి. ఇంకో ఏడాది నర్సరీలోనే ఉండనీండి," అంది. వరసలో కూర్చున్న తల్లులంతా మెడలు సాచి చూశారు. నాకు తల కొట్టేసినట్టయింది. గేటు దాటగానే పిల్ల వీపు మీద ఒక్కటి అంటించాను. డిగ్రీ చదివి ఏం లాభం? ఎందుకలా వేశావని అడిగే పాటి తెలివి లేకపోయింది నాకు.

ఏడుపు ముఖంతో కొట్టుకు వచ్చిన మనవరాలిని చూసి మా మామ సంగతి అడిగారు. చెప్పాను. ఆయన చీరలు పరిచే పరుపు మీద పాపకు ఎదురుగా కూర్చుని, మళ్ళీ వెయ్యమన్నారు. మళ్ళీ తలకిందులే. ఎందుకట్లా అని ఆయన మెల్లగా అడిగితే, వెక్కుతూనే చెప్పింది.

"నువ్వు ఆ పక్క ఉండావు గదా జేజినాయనా. నీకు సరిగ్గా కనపడల్ల గదా."

ఏడాది కిందట ఇదే పిల్ల బొమ్మను తన వైపే పెట్టుకుని, పుస్తకం అట్ట మాకు చూపిస్తూ "చూడండి" అనేది. ఫోన్లో మా అమ్మ ఏదైనా అడిగితే బదులివ్వకుండా తల ఊపేది. మా కొట్టులో చీర అంచు ఎప్పుడూ కొనడానికొచ్చిన గిరాకీ వైపే ఉండాలి, పరిచేవాళ్ళకు తలకిందులుగా కనపడినా సరే. మామ పక్కన కూర్చుని రోజూ అది చూసీ చూసీ, తనూ అన్నీ ఎదుటివాళ్ళ వైపు తిప్పడం నేర్చుకుంది. ఆ మహాతల్లి కుర్చీ దిగకుండా ఉంటే బొమ్మ చక్కగానే కనపడేది. ఆమెను అని ఏం లాభం, పక్కనే కూర్చున్న నాకు మాత్రం తెలిసిందా?

"నేర్పిచ్చినోణ్ణి నేనమ్మా. కొడితే నన్ను కొట్టల్ల గానీ, పాపను గాదు," అన్నారు మామ. సిగ్గుతో నాకు ఏడుపొచ్చింది.

మర్నాడు వెళ్ళి మేడమ్‌కు అంతా చెప్పాను. చీరల కొట్టు పద్ధతులు బడిలో పనికిరావని నవ్వింది. అయినా మళ్ళీ చూద్దామంటూ కాగితం పెట్టి ఎదురుగా కూర్చుంది. నీకెట్లా వెయ్యాలనిపిస్తే అట్లా వెయ్యమ్మా అన్నాను పాపతో. పెన్సిలు పట్టుకుని పాప మొదట, నిన్న కొట్టిన నా చేతి వైపు చూసింది. తర్వాత కాగితాన్ని తన దగ్గరికి లాక్కుని, తల పైన, కాళ్ళు కింద పెట్టి వేసింది. మేడమ్ ఆ కాగితాన్ని తన వైపు తిప్పుకుని చూసి, పిల్ల దారికొచ్చిందని మెచ్చుకుని, సీటు ఇచ్చింది.