సమ్మె టెంటుల నేర్చుకున్న గ్రేడియంట్

తెలంగాణ కోసం అందరు సమ్మెల దిగిన రోజులవి. జగిత్యాలల వరి మీద పరిశోధన చేసే ఒక ల్యాబుల నేను కాంట్రాక్టు మీద కొత్తగ చేరిన. మాది సిరిసిల్ల, బట్ట నేసే సాంచెల మీద బతికే ఇల్లు. నాకు పని నేర్పే టెక్నీషియనన్నది కోరుట్ల. ఆయన పర్మనెంటు ఉద్యోగి. సమ్మెకు పోయి గేటు బయట టెంటుల కూసున్నడు.

లోపల నేనొక్కదాన్ని, డీఎన్ఏ ముక్కకు లక్షల నకళ్లు తీసే పీసీఆర్ మిషను. ఉల్లికోడు పురుగును తట్టుకునే గుణం ఏ వరి మొక్కల ఉన్నదో, ఆకు నుంచి తీసిన డీఎన్ఏల చూసుడు మా పని. కొత్త ప్రైమర్లు వచ్చినయి. ప్రైమరంటే డీఎన్ఏల మనకు కావాల్సిన జాగకు పోయి అతుక్కునే చిన్న ముక్క. అది ఎంత వేడి మీద సక్కగ అతుకుతదో నాకు తెల్వది. రెండుసార్లు యాభై అయిదు డిగ్రీలు పెట్టి చూసిన. మిషన్ల నుంచి వచ్చినదాన్ని జెల్ మీద నడిపి తీసిన ఫోటోల ఒక్క గీత రావాల్సిన కాడ నాలుగైదు వచ్చినయి.

ఇగ ఏం చెయ్యాల్నో తోచక టెంటు కాడికి పోయిన.

"అన్నా, ఒక్కపారి లోపలికి రారాదు?"

"సమ్మెల ఉండి లోపల అడుగు వెడ్తనా చెల్లె? గీడనే అడుగు, చెప్త."

చేతిలున్న సమ్మె కరపత్రం వెనుక దిక్కు తిప్పి పన్నెండు డబ్బలు గీసిండు. "గ్రేడియంట్ పెట్టు. మిషన్ల పన్నెండు వరుసలున్నయి గదా. ఎడమ చివర యాభై రెండు, కుడి చివర అరవై రెండు. నడుమ వరుసలకు మిషనే పంచుతది. అన్నిట్ల ఒక్కటే డీఎన్ఏ పొయ్యి. వేడి తక్కువైతే ప్రైమరు యాడవడితె ఆడ అతుకుతది. ఎక్కువైతే అసలే అతకది."

తను గూడ సమ్మెల ఉండి పక్కన కూసున్న బస్సు కండక్టరు మెడ సాపి చూసిండు. "మరి గీ పన్నెండుల మంచిదేదో ఎట్ల ఎర్కయితది?"

"ఒక్కటే గీత, మంచిగ మెరిసేటిది" అన్నడు అన్న.

లోపలికి పోయి మీటలు వత్తుకుంట ఆగిపోయిన. మిషన్ల మూడు స్టెప్పులుంటయి, గ్రేడియంట్ దేనికి పెట్టాలె? మళ్ల ఉరికిన. టెంటుల అందరు నవ్విండ్రు.

"నడిమిదానికే చెల్లె, ప్రైమరు అతికేది గాడనే. మొదటి తొంభై నాలుగు, ఆఖరి డెబ్బై రెండు, గవి ముట్టకు."

మాపటీలి ఫోటో తీసి చూసిన. ఎడమ దిక్కు వరుసలన్ని గజిబిజి. కుడి చివరి రెండు ఖాళీ. నడుమ మాత్రం ఒక్కటే గీత, తెల్లగ. ఫోటో పట్టుకోని టెంటుకు పోతే కండక్టరన్న గుంజుకోని, "ఏడోది!" అన్నడు, తానే చేసినట్టు.

అన్న అద్దాలు పెట్టుకోని చాలసేపు చూసిండు. "ఏడోదే. ఎంత మీద?"

"యాభై ఏడున్నర."

"ఇగ గదే ఖాయం చేస్కో. నన్ను అడిగే పని లేదు."

నాకు చాయ్ పోసి, కరపత్రాల కట్ట జరిపి జాగ ఇచ్చిండ్రు. ఆ వారంల మిగిలిన ఆకుల పరీక్షలన్ని నేనే చేసిన, ఎవ్వల్ని అడగకుండ. గంత నిమ్మళంగ పని చేసుకున్న రోజులు నాకు తక్కువనే.