ఎనభై... అటు నాలుగు, ఇటు నాలుగు

మామగారికి ఉన్నది ఒకే ఒక్క జబ్బు: ఏ ప్రశ్నకూ ఒక్క అంకెతో జవాబు చెప్పలేరు. చెప్పిన అంకెకు "అటు ఇంత, ఇటు ఇంత" అని తోక తగిలిస్తేగానీ ఆయనకు ప్రాణం కుదుటపడదు. కాలేజీలో లెక్కలు చెప్పి చెప్పి రిటైరై, ఇంట్లో ఊరికే కూర్చోలేక, కోడిగుడ్లు పొదిగించే హేచరీలో వాటిని దీపం ముందు పట్టుకుని మంచీచెడ్డా చూసే పనిలో చేరారు. అక్కడ అందరూ ఆయన్ని 'అటూఇటూ మాస్టారు' అనేవారు.

అల్లుడికి ఈ జబ్బు సంగతి పెళ్లిలోనే తెలిసింది. మామగారు తన పాత శిష్యుల్ని వందమందిని విందుకు పిలిచి, వంటాయనతో ఎనభై ఎనిమిది మందికి వండమన్నారు.

"పిలిచింది వందమందిని కదండీ?" అన్నాడు వంటాయన.

"నా పిలుపుకి నూటికి ఎనభైమంది వస్తారు. అటు నాలుగు, ఇటు నాలుగు. నీ భయం కోసం ఆ నాలుగుని రెట్టింపు చేసి కలిపాను."

ఇది పచ్చి పిసినారితనమని అల్లుడు మూతి ముడుచుకున్నాడు. వచ్చినవాళ్లు ఎనభై ముగ్గురు. భోజనాలు మిగిలాయి. అల్లుడి మూతి మాత్రం ఫొటోలన్నిటిలోనూ ముడుచుకునే ఉండిపోయింది. అత్తగారు ఇప్పటికీ ఆ ఆల్బం తీసి, "మా అల్లుడికి ఆవేళ పంటినొప్పి" అని వచ్చినవాళ్లకు చెబుతుంటారు.

ఆ మామగారి సిఫార్సుతోనే అల్లుడు అదే హేచరీలో సూపర్‌వైజరయ్యాడు. చేరిన మర్నాటి నుంచీ, గుడ్లలోంచి పిల్లలు వస్తున్నది తన గొంతు విని అని అతనికి గట్టి నమ్మకం. ఒక్కో మిషన్లో వంద గుడ్లు. మొదటి మిషన్లో ఎనభై ఆరు పిల్లలొస్తే చప్పట్లు కొట్టి మెచ్చుకున్నాడు. మరుసటి విడతలో డెబ్బై తొమ్మిదే వచ్చాయి. రెండో మిషన్లో డెబ్బై నాలుగొస్తే, దాన్ని చూసుకునే, అక్కడివాళ్లంతా పెద్దక్క అని పిలిచే ఆవిడను గది అదిరిపోయేలా కేకలేశాడు. మరుసటి విడతలో ఎనభై ఒకటి! ఇంకేముంది, అల్లుడికి జ్ఞానోదయమైంది.

"మెచ్చుకుంటే చెడిపోతారు మామయ్యగారూ, తిడితే బాగుపడతారు. రుజువైపోయింది," అన్నాడు భోజనాల దగ్గర.

మామగారు చేతిలో ముద్ద అలాగే పట్టుకుని చూశారు. "మన గుడ్డు పిల్లయ్యే అవకాశం నూటికి ఎనభై. అంటే పాయింట్ ఎనిమిది. వందని దాంతో గుణిస్తే ఎంత?"

"ఎనభై."

"అది సగటు. దాన్ని పిల్ల కాని వాటా, పాయింట్ రెండుతో గుణించు."

"పదహారు."

"దానికి వర్గమూలం?"

"నాలుగు."

"అదీ అటూఇటూ అంటే. పుస్తకాల్లో ప్రామాణిక విచలనం అంటారు. నాకే నోరు తిరగదు. ప్రతి గుడ్డు తలరాతా దేనికదే వేరు కదా, అందుకని ఏ విడతా సరిగ్గా ఎనభై దగ్గర ఆగదు. డెబ్బై ఆరుకీ ఎనభై నాలుగుకీ మధ్య ఊగుతుంది. ఒక్కోసారి ఇంకో నాలుగు జరుగుతుంది. డెబ్బై నాలుగొచ్చాక మళ్లీ ఎనభై పక్కకి రావడం మామూలే. ఆ మధ్యలో నువ్వు అరిచావు, అంతే."

"మీ పుస్తకాలు గుడ్లు పెట్టవు మామయ్యగారూ!"

"పెట్టవు. నీ అరుపులు పొదగనూ పొదగవు."

భార్య ఫక్కున నవ్వింది. అల్లుడు పెరుగన్నం తినకుండానే లేచిపోయాడు. తర్వాత ఆకలేసి, ఎవరూ చూడకుండా వచ్చి తిన్నాడు. అత్తగారు చూశారు.

అలా ఉండగా ఒక విడత పెద్దక్క మిషన్లో అరవై ఒక్క పిల్లలే వచ్చాయి. అల్లుడు ఛాతీ విరుచుకుని హేచరీ యజమానురాలికి ఫోన్ చేశాడు. ఈ మనిషిని మార్చితే తప్ప లాభం లేదన్నాడు. పెద్దక్క అప్పటికే తన సంచీలో చెప్పులూ తువ్వాలూ సర్దుకుంటోంది. పెంకులోంచి బయటికొచ్చిన పిల్లలు మాత్రం ఆమె కాళ్ల దగ్గర కిచకిచలాడుతున్నాయి.

అల్లుడు విజయగర్వంతో మామగారు గుడ్లు చూసే గదికి వెళ్లాడు. "అరవై ఒకటి! ఇప్పుడనండి, అటు నాలుగు ఇటు నాలుగని!"

మామగారు చేతిలో గుడ్డు జాగ్రత్తగా కింద పెట్టారు. ముఖంలో నవ్వు లేదు.

"అనను. పంతొమ్మిది తక్కువ. నాలుగేసి చొప్పున ఇంచుమించు అయిదు మెట్లు కిందికి. ఇది అదృష్టం ఆడే ఆట కాదు. ఏదో జరిగింది."

"అదేగా నేనూ చెబుతున్నది! ఆవిడ చెయ్యి..."

"ఆ చెయ్యి ఇన్నాళ్లూ ఎనభై చుట్టూ తిరిగిన చెయ్యే. గుడ్లన్నీ ఒకేసారి కష్టంలో పడ్డాయంటే మిషన్ని అడగాలి. స్టూలు పట్టుకో."

పెద్దక్క మిషన్ దగ్గర అల్లుడు స్టూలు పట్టుకున్నాడు. మామగారు ఆయాసపడుతూ ఎక్కి, మిషను నెత్తి మీద చెయ్యి పెట్టి తడిమారు. గాలి ఆడే కన్నం మీద నుంచి మెత్తటి మూట ఒకటి పైకి తీశారు.

అది బూడిదరంగు కోటు. చక్కగా మడతపెట్టి ఉంది. ఉక్కగా ఉందని విప్పి, నలగకుండా ఉంటుందని అక్కడ పెట్టి మరిచిపోయింది తానేనని అల్లుడికి గుర్తుకొచ్చింది. కోటు పోయిందని ఇంట్లో భార్య మీద విసుక్కున్నది కూడా వెంటనే గుర్తుకొచ్చింది. మిషన్లోకి దూరిపోయి, గుడ్డు పెంకు లోపల దాక్కోవాలనిపించింది.

అంతలో యజమానురాలు గదిలోకి వచ్చారు. "మాస్టారూ, ఏమిటిది? ఎవరిదా కోటు?"

"నాదేనమ్మా," అన్నారు మామగారు తడుముకోకుండా. స్టూలు దిగి తొడుక్కున్నారు కూడా. చేతులు మోచేతుల దగ్గరే ఆగిపోయాయి. బొత్తాములు బొజ్జకు ఆమడ దూరంలో ఉన్నాయి. "ముసలితనం కదా, చలి. ఇక్కడ పెట్టి మరిచిపోయాను. పెద్దక్క తప్పేం లేదు."

"మీ కొలతలా లేదే?"

"కొలత అన్నాక అటూ ఇటూ ఉంటుంది కదమ్మా!"

అల్లుడు నోరు తెరిచాడు. మామగారు అతని కాలు తొక్కారు. అయినా మాట బయటికొచ్చేసింది: "కోటు నాదండీ. తప్పూ నాదే."

"అది నాకూ కనిపిస్తూనే ఉంది," అన్నారు యజమానురాలు. "మనిషిని మార్చాలని ఫోన్లో చెప్పింది నువ్వేగా? ఆ సంగతి తర్వాత ఆలోచిద్దాం. ముందు ఆయన్ని ఆ కోటులోంచి బయటికి తియ్యి. గుడ్లకి ఆడనట్టే ఆయనకీ ఊపిరి ఆడటం లేదు."

నిజంగానే మామగారి ముఖం ఎర్రబడుతోంది. అల్లుడు ఒక చెయ్యి పట్టుకుని గుంజాడు. కోటు కదల్లేదు. పెద్దక్క సంచీ కింద పడేసి, రెండో చెయ్యి పట్టుకుంది.

"అక్కా," అన్నాడు అల్లుడు. ఆ పిలుపు అతని నోటి నుంచి రావడం అదే మొదలు. "నిన్ను ఊరికే తిట్టాను. ఏమీ అనుకోకు."

"అనుకోవడం తర్వాత బాబూ," అంది పెద్దక్క, కాలు గోడకు తన్నిపెట్టి. "ముందు గట్టిగా లాగు!"