విమానానికి తొడుగులు, చక్రం కింద నిమ్మకాయ

తొంభైల చివర్లో కె.ఆర్.పురంలో నాకొక ఫైబర్ షెడ్డు ఉండేది. నీళ్ళ ట్యాంకుల మూతలు, ఆటోల మడ్‌గార్డులు, పెళ్ళి మంటపాలకు ఏనుగు తలకాయలు పోసేవాణ్ణి. నేను పోసిన ఏనుగును చూసి నిజం ఏనుగొకటి రోడ్డు మీద నిలబడిపోయి ట్రాఫిక్ అంతా ఆపేసిందని చెబితే మా ఇంట్లోవాళ్ళు నమ్మరు. పోనీ, మీరైనా నమ్మండి.

ఆ షెడ్డుకు ఒకరోజు ఒక పెద్దాయన వచ్చాడు. హిందూపురం పక్క మనిషి, ఇంజినీరుగా చేసి రిటైరైనాడు. యలహంక దారిలో చిన్న విమానాలు ఎగిరే మైదానంలో ఆయనకొక పాత విమానం ఉండేది. పక్కపక్కనే రెండు సీట్లు, నెత్తిన రెక్కలు, ఇనప గొట్టాల మీద గుడ్డ తొడిగిన ఒళ్ళు. వయసులో అది ఆయనకు అన్న.

"చక్రాలకు తొడుగులు పోయల్లప్పా. ముందు గుండ్రంగా, వెనక సన్నంగా, నీటిబొట్టు మాదిరి. గాలి జారిపోవల్ల."

"ఎందుకు సార్?"

"స్పీడుకు."

ఆ విమానం స్పీడు ఏపాటిదో తర్వాత చూశాను. ఎదురుగాలి కొట్టిన రోజు ఒక కొంగ దాన్ని దాటిపోయి, పాపం అనుకుందేమో, ఆగి వెనక్కి తిరిగి చూసింది. అయినా నేను తగ్గలేదు. "నా తొడుగులు బిగిస్తే సార్, మైసూరుకు పోదామని మీరనుకునే లోపల మైసూరు దాటిపోయుంటారు," అన్నాను. ఆయనకు నా అబద్ధం నచ్చింది. టీ తెప్పించుకొని కూర్చున్నాడు. అప్పుడు అసలు సంగతి బయటికొచ్చింది.

విమానం కొన్న కొత్తలో భార్యను పక్కన కూర్చోబెట్టుకొని ఎగిరాడట. ఆమె కిటికీలోంచి కిందికి చూసిందట. నేల ఎప్పుడో వదిలేశారు, చక్రం మాత్రం గిర్రున తిరుగుతానే ఉంది. "కింద రోడ్డు లేదు, ఏమీ లేదు. ఎవురి కోసం తిరుగుతాంది అది?" అని కళ్ళు మూసుకున్న మనిషి మళ్ళీ దిగేదాకా తెరవలేదు. ఆ తర్వాత విమానం ఎక్కనూ లేదు.

"వచ్చే ఏడు డాక్టర్లు నన్ను ఎగరనిస్తారో లేదో అప్పా. ఆ లోపల ఒక్కసారన్నా ఆమెకు దేవనహళ్ళి ద్రాక్షతోటలు పైనుంచి చూపించల్ల. చక్రం కనబడకపోతే వస్తుంది."

కాగితాలు, అనుమతులు ఆయన చూసుకున్నాడు. నేను చక్రం చుట్టూ ప్లాస్టర్‌తో ఆకారం తీసి, మైనం రుద్ది, గాజు నార పరిచి, రెసిన్ పోశాను. ఆ నార ఒంటికి తగిలితే దురద. గోక్కుంటా గోక్కుంటా బళేపేటకు పోయి స్క్రూలు తెచ్చాను. బిగించిన ప్రతిసారీ పెద్దాయన, భార్య కూర్చునే సీట్లో తాను కూర్చొని, మెడ వంచి, కిందికి చూసేవాడు.

"ఇంకా కనబడతాండాది. ఇంకొంచెం దించు."

దించాను. మళ్ళీ దించాను. టైరుకూ తొడుగుకూ మధ్య వేలు దూరదు. అక్కడి మెకానిక్ తల గీరుకున్నాడు. "ఇంత బిగువైతే గడ్డీ మట్టీ ఇరుక్కుంటాయి సార్."

"రన్‌వే సిమెంటు మీద గడ్డి ఎక్కడిదప్పా?" అన్నాడు పెద్దాయన.

ఎర్ర రంగేసి పక్కన మీగడ రంగు గీత లాగేసరికి ముసలి విమానం పెళ్ళికొడుకు మాదిరి తయారైంది. పెద్దాయన భార్య వచ్చి చుట్టూ తిరిగి చూసింది. ఆమెను నేను అక్కా అనే పిలిచేవాణ్ణి. "బూట్లేసినావే దీనికి!" అని నవ్వి, "సరే, ఆయుధపూజ రోజు వస్తా. మంచిరోజు," అంది. పెద్దాయన ఆ పొద్దంతా నేల మీద నడవలేదు.

ఆయుధపూజ అంటే మా ఊళ్ళో కుంకుమ బొట్టు తప్పించుకునే మిషను ఉండదు. నా డ్రిల్లుకే పెట్టాము, విమానానికి పెట్టమా? బంతిపూల దండ వేసి, హారతిచ్చి, గుమ్మడికాయ కొట్టారు. దండ తీసేశాక, అక్కే బాగా పండిన నిమ్మకాయలు ఏరి చక్రాల కింద పెట్టింది. ఎక్కి కూర్చొని, బెల్టు కట్టుకొని, ముందు జాగ్రత్తగా కళ్ళు మూసుకుంది.

ఇంజను అందుకుంది. ఎడమ నిమ్మకాయ పద్ధతిగా పచ్చడైంది. కుడిది కాలేదు. మెత్తటి టైరుకు అంటుకొని, దాంతోపాటే పైకి లేచి, తొడుగులోకి దూరి బిర్రుగా ఇరుక్కుంది. కుడి చక్రం నిలబడిపోయింది, ఎడమది నిలబడలేదు. విమానం కుడివైపుకు చుట్టు తిరగడం మొదలుపెట్టింది. పెద్దాయన ఇంకొంచెం ఇంజను పెంచాడు. ఇంకా బాగా తిరిగింది.

"ప్రదక్షిణ చేస్తాంది!" అన్నారెవరో. జనం చేతులు జోడించారు. పూజారి అక్షింతలు చల్లాడు. ఇంజను గాలికి అవి యలహంక సంతలో పడ్డాయని విన్నాను.

ఇంజను ఆపాక లోపలినుంచి అక్క గొంతు వినబడింది. కళ్ళు ఇంకా తెరవలేదు.

"పైకి వచ్చేసినామా? ఏం భయం లేదే!"

మెకానిక్ తొడుగులు రెండూ ఊడదీసి నలిగిన నిమ్మకాయ బయటికి తీశాడు. "సందు పెంచకుండా వీటిని మళ్ళీ బిగించను సార్," అన్నాడు.

"అయితే ఈపొద్దుకు వద్దులేవే," అన్నాడు పెద్దాయన, నేలచూపులు చూస్తా. "చక్రం కనబడుతుంది. అది కనబడగూడదనే గదా ఇదంతా."

"నా కోసమా? స్పీడుకంటివే!"

అక్క దిగి, ఆ బోడి చక్రం దగ్గర నిలబడి కాసేపు చూసింది.

"దీనికి బ్రేకు లేదా?"

"ఉండాది."

"పైకి పోయినాక తొక్కితే నిలబడదా?"

నేనూ మెకానిక్కూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాము. "నిలబడుతుంది మేడమ్," అన్నాడు మెకానిక్ మెల్లగా. "కొందరు తొక్కుతారు కూడా."

"నువ్వు అడగలేదు గదే," అన్నాడు పెద్దాయన.

"నువ్వు చెప్పినావా? నా కారుకు బ్రేకుందని నాకు తెలుసు. నీ విమానానికి ఉందని నాకేం తెలుసు? ఎక్కు, ఎక్కు."

ఈసారి నిమ్మకాయలు పెట్టలేదు. విమానం చెట్లు దాటి ఉత్తరంగా తిరిగి, ద్రాక్షతోటల వైపు పోయింది. ఒక చుట్టు కొట్టి దిగుతామన్నవాళ్ళు ఎంతసేపటికీ రారే! మెకానిక్ మాటిమాటికీ చెయ్యి అడ్డం పెట్టుకొని ఆకాశం చూస్తున్నాడు.

దిగాక ముందు అక్కే తలుపు తీసింది. కొప్పు ఊడిపోయింది, మొహం వెలిగిపోతోంది. పెద్దాయన వెనకాల నవ్వుతా నిలబడ్డాడు.

"నిలబడిందప్పా చక్రం! టక్కున నిలబడింది. ఇన్నేండ్లు బ్రేకు కాలికిందే పెట్టుకొని కూర్చున్నాడు చూడు ఈ మనిషి!" అని, నా చేతిలోని తొడుగులు చూసింది. "వాటిని పారెయ్యొద్దు. సందు పెంచి మళ్ళీ బిగించు. అవి లేకుంటే ఉట్టికాళ్ళతో బాగలేదు ఇది."