సిస్టర్ కాని సభ్యురాలు

మా వీధి మలుపులో పంక్చర్ షాపు నడిపే ఆవిడని అందరూ పంక్చరక్క అంటారు. ఆ పేరు మొగుడి నుంచి సంక్రమించింది. అంతకుముందు ఆయన పంక్చరన్న. షాపు మీది రేకు గాలికి లేస్తోందని మేకులు కొట్టడానికి పైకెక్కి, కాలు జారి వెల్లకిలా పడ్డాడాయన. నడుము కింద నుంచి కదలిక పోయింది. నోరు మాత్రం చెక్కు చెదరలేదు.

పెద్దాసుపత్రిలో చాలా రోజులు ఉంచి ఇంటికి పంపేశారు. పంపేటప్పుడు, "పక్కకి తిప్పుతూ ఉండండమ్మా" అని ఒక మాట అన్నారు. ఎన్ని గంటలకి, ఎటువైపు, ఎలా అని అడిగేలోపే స్ట్రెచర్ లిఫ్టు దాకా వెళ్ళిపోయింది. ఖాళీ అయిన మంచం మీద అప్పుడే ఇంకొకరిని పడుకోబెడుతున్నారు.

షాపు వెనక ఉన్న ఒకే గదిలో వాళ్ళ కాపురం. మధ్యలో ఉన్న తలుపు తీసి ఉంచితే మంచం మీంచి షాపు కనిపిస్తుంది. ఆయన పడుకుని చెబుతుంటే ఆవిడ పని నేర్చుకుంది. "కంగారు పడకే, టైరు నీ అత్తగారు కాదు, నెమ్మదిగా లేపు" అనేవాడాయన. "మీ అమ్మే నయం" అనేది ఆవిడ, ఇనపకమ్మీ మీద బరువంతా వేసి టైరు ఊడదీస్తూ.

కొన్నాళ్ళకి ఆయన నడుము కింద, వెన్ను చివర, చర్మం ఎర్రబడింది. చూసినవాళ్ళందరూ ఒకటే సలహా చెప్పారు. గాలి కొట్టిన ట్యూబు కింద పెట్టి పడుకోబెట్టమన్నారు. పంక్చర్ షాపులో ట్యూబులకి కరువా? స్కూటర్ ట్యూబుకి మెత్తగా గాలి కొట్టి, పాత చీర చుట్టి పెట్టింది. ఎరుపు నలుపయింది. తర్వాత తడి. ఆ తర్వాత వాసన. ఆయనకి అక్కడ స్పర్శ లేదు కాబట్టి నొప్పి లేదు. ఆవిడకి మాత్రం అన్నం ముద్ద దిగేది కాదు.

ఎవరిని అడగాలో తెలియక ఫోన్లో వెతికింది. మా ఊరి నర్సులంతా ఉన్న గ్రూపు ఒకటి తగిలింది. చేరాలంటే ఒక ప్రశ్నకి జవాబు రాయాలి: ఎక్కడ పనిచేస్తున్నారు, ఏ వార్డు? ఆవిడ అబద్ధం ఆడలేదు. "ఇంట్లో. ఒకటే మంచం. పగలూ రాత్రీ డ్యూటీ నాదే" అని రాసింది. గ్రూపు నడిపేది రిటైరయిన హెడ్ నర్సు. ఆవిడని అందరూ పెద్ద సిస్టర్ అంటారు. ఎవరో ఇళ్ళకి వెళ్ళి పనిచేసే నర్సు కాబోలు అనుకుని ఆ పెద్ద సిస్టర్ ఈవిణ్ణి గ్రూపులో చేర్చుకుంది.

పంక్చరక్క ముందు మొగుణ్ణి అడిగింది. "ఏమయ్యా, నీ పుండు ఫొటో తీసి నర్సులకి పెడతా. నీకేమైనా అభ్యంతరమా?"

"ఇన్నాళ్ళూ నా మొహాన్ని చూసినవాళ్ళు లేరు. దానికైనా పేరు రానీ. తియ్యి" అన్నాడాయన.

ఫొటో పెట్టిన కాసేపటికే జవాబులొచ్చాయి. అందరికంటే ముందు రాసినామె తన పేరు బదులు 'మూడో వార్డు' అని పెట్టుకుంది. "సిస్టర్, ముందు ఆ ట్యూబు తీసి అవతల పారెయ్యండి. అది చుట్టూ ఒత్తిపెట్టి మధ్యలోకి రక్తం రానివ్వదు. నల్లగా ఉన్నది ఇంట్లో కడిగితే పోయేది కాదు, వాసన కూడా ఉందంటున్నారు. రేపటిదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళండి" అని రాసింది. ఇంకొకామె ఎలా పక్కకి తిప్పాలో, మోకాళ్ళ మధ్య దిండు ఎలా పెట్టాలో బొమ్మ గీసి పంపింది. ఆటో మాట్లాడుకుని పంక్చరక్క ఆ పూటే వెళ్ళింది. అక్కడ చచ్చిపోయిన కండ కోసి శుభ్రం చేశారు. ఇంకో వారం ఆలస్యమైతే ఎముక దాకా పోయేదన్నారు.

ఇంటికొచ్చి గ్రూపులో అందరికీ దండాలు పెట్టింది. అప్పుడొకామె అడిగింది, "ఏ ఏజెన్సీ తరఫున చేస్తున్నారు సిస్టర్?"

"ఏజెన్సీ కాదమ్మా. పెళ్ళాన్ని" అని రాసింది పంక్చరక్క.

కొందరు నవ్వారు. కొందరికి నవ్వు రాలేదు. ఇది నర్సుల చోటు, బయటివాళ్ళు ఉండకూడదన్నారు. పెద్ద సిస్టర్ మధ్యేమార్గంగా తీర్పు చెప్పింది. ఉండొచ్చు, చదువుకోవచ్చు, కానీ ఏమీ రాయకూడదు. పంక్చరక్క సరేనంది. కొన్ని నెలలు ఆ మాట మీదే నిలబడింది. పనిలేనప్పుడు స్టూలు మీద కూర్చుని వాళ్ళ మాటలన్నీ చదివేది. వాళ్ళ కాళ్ళ వాపులు, వాళ్ళకి దొరకని సెలవులు, ఇద్దరు చెయ్యాల్సిన పని ఒక్కరి మీద పడటం, అన్నీ ఆవిడకి తెలిశాయి. "పాపం, ఈ పిల్లలకి నీళ్ళు తాగే తీరిక కూడా లేదయ్యా" అని మొగుడికి చదివి వినిపించేది.

ఒక రోజు ఎవరో ఒక ఫొటో పెట్టారు. బాగా ముసలాయన. మొహం కనిపించలేదు గానీ వీపు, నడుము, పెద్ద పుండు, మణికట్టుకి కట్టిన తాయెత్తు కనిపిస్తున్నాయి. కింద, "ఇంట్లోవాళ్ళు అల్లారుముద్దుగా చూసుకున్న తీరు చూడండి" అని రాసి నవ్వే బొమ్మలు పెట్టారు. దాని కింద ఒకరి తర్వాత ఒకరు. ఫోన్లు చూసుకుంటూ కూర్చుంటారని, పుండు పడ్డాక తెచ్చి మన మొహాన పడేస్తారని, తర్వాత మన మీదే అరుస్తారని.

పంక్చరక్క లారీ చక్రానికి అతుకు వేస్తోంది. ఆ అతుకు ఆరేదాకా కూడా ఆగలేకపోయింది. ఇలా రాసింది:

"నేను ఈ పెద్దాయన మనిషిని కాదు. అలాంటి పుండు మా ఇంట్లోనూ పడింది, మీరందరూ చూశారు. మా ఆయన్ని అడిగి ఫొటో తీశాను. ఈయన్ని ఎవరడిగారు? తాయెత్తు చూసి ఇంట్లోవాళ్ళు గుర్తుపట్టరా? సరిగ్గా చూసుకోలేదంటున్నారు, నిజమే అయ్యుండొచ్చు. ఎలా చూసుకోవాలో వాళ్ళకి ఎవరైనా చెప్పారా? నాకెవరూ చెప్పలేదు, ట్యూబు పెట్టాను. అది చూసి మీరు నవ్వలేదు, బాగుచేశారు. దీనికెందుకు నవ్వుతున్నారు? ఫొటో తీసెయ్యండి."

గ్రూపు భగ్గుమంది. ఏకు మేకై కూర్చుందన్నారు. అరుగు మీద కూర్చోనిస్తే వంటింట్లో పెత్తనం చేస్తోందన్నారు. ఆవిడ వాటికేవీ చలించలేదు. కానీ మూడో వార్డు రాసింది మాత్రం రెండుసార్లు చదివింది.

"మాలో మేము నవ్వుకునే హక్కు కూడా లేదా? మొన్న ఒకాయన సెలైన్ అయిపోయినా రాలేదని నా చెంప పగలగొట్టాడు. అప్పుడు వార్డంతటికీ నేనొక్కదాన్నే. పక్క మంచం పాపకి ఊపిరి అందక అక్కడున్నాను. ఆయన కూడా రోగి తరఫు మనిషే. వార్డులోనూ మీరే, ఇక్కడా మీరేనా? మాకు మేము ఏడవడానికి ఒక్క గది కూడా మిగలనివ్వరా?"

తడి చెయ్యి తుడుచుకుని, ఫోన్ పట్టుకుని లోపలికెళ్ళి మొగుడికి చదివింది.

"ఆ పిల్ల అన్నదాంట్లో తప్పేముంది?" అన్నాడాయన.

"తప్పని నేనన్నానా?"

"మరి నువ్వన్నదాంట్లో?"

"అందులోనూ లేదు."

"అయితే రెండూ రాయి" అన్నాడాయన.

రాసింది. "నిన్ను కొట్టినవాడి చెయ్యి పడిపోను. నేను వాడి తరఫున రాలేదు, రాను. మీకొక గది ఉండాలన్నది కూడా న్యాయమే. కానీ వాడు కొట్టాడని ఈ పెద్దాయన పుండు చూసి నవ్వుతామంటే ఒప్పుకోను. దానికీ దీనికీ లెక్క చెల్లదు. ఫొటో తీసెయ్యండి."

సాయంత్రం పెద్ద సిస్టర్ ఫోన్ చేసింది. గొంతులో కోపం లేదు, అలసట ఉంది.

"చూడమ్మా, రాయనని నాకు మాటిచ్చావు. మాట తప్పావు. పిల్లలు మండిపడుతున్నారు. ఒక్క క్షమాపణ రాసేయ్, మళ్ళీ ఎప్పటిలా చదువుకో. మీ ఆయన పుండు ఇంకా మానలేదు, మా అవసరం నీకుంది."

"అవసరం ఉంది సిస్టరమ్మా. మీ వాళ్ళు లేకపోతే ఆయన ఉండేవాడు కాదు. మాట తప్పాను, దానికి మీకు క్షమాపణ చెప్తాను, ఇప్పుడే చెప్తున్నాను. ఫొటో తీసెయ్యమన్నందుకు మాత్రం చెప్పను."

"అలాగైతే తీసెయ్యాల్సి వస్తుంది నిన్ను."

"తీసెయ్యండి. నా అంతట నేను పోను. ముందు ఆ ఫొటో తీసి, తర్వాత నన్ను తీసెయ్యండి. లేదంటే ముందు నన్ను తీసి తర్వాతైనా ఫొటో తియ్యండి. వరస మీ ఇష్టం."

మంచం మీంచి ఆయన కిసుక్కున నవ్వడం ఫోన్లో అవతలికి కూడా వినిపించి ఉంటుంది. ఆవిణ్ణి తీసేశారు. ఫొటో సంగతి తర్వాత తెలిసింది. అది కూడా అదే రోజు పోయిందట.

గ్రూపు దూరమయ్యాక కొన్నాళ్ళు ఇబ్బందే పడింది. కట్టు మార్చేటప్పుడు చిన్న సందేహం వచ్చినా అడిగే దిక్కు లేదు. అయినా ఎవరి కాళ్ళావేళ్ళా పడలేదు. ఆసుపత్రికి వెళ్ళినప్పుడల్లా కట్టు కట్టే నర్సు పక్కనే నిలబడి, విసుక్కున్నా సరే, అడగాల్సినవన్నీ అడిగేది.

ఒక మధ్యాహ్నం తెలియని నంబరు నుంచి సందేశం వచ్చింది. "నేను మూడో వార్డుని. మీ మీద నాకింకా కోపం పోలేదు. పుండు ఎలా ఉంది?"

"నాకూ పోలేదు. లోతు తగ్గింది. చూస్తావా?" అని రాసింది పంక్చరక్క.

ఆ అమ్మాయి తన సెలవు రోజున వచ్చింది. పాతికేళ్ళు దాటి ఉండవు. చెప్పులు బయట విడిచి, చేతులు కడుక్కుని, నేరుగా మంచం దగ్గరికెళ్ళింది. పుండు చూసి, "బాగానే ఉంది" అంది. ఆ తర్వాత మెత్తగా తిట్టడం మొదలుపెట్టింది. కట్టు మరీ బిగించారని, దుప్పటి ముడతలు పడితే అదే మళ్ళీ పుండు చేస్తుందని. దుప్పటి పట్టుకుని మనిషిని రాపిడి లేకుండా జరపడం ఎలాగో చేసి చూపించింది.

"పాపం మా ఆవిడ టైర్లు తిప్పినట్టే తిప్పుతోందమ్మా నన్ను" అన్నాడాయన. ఆ అమ్మాయి మొదటిసారి నవ్వింది.

టీ తాగుతున్నప్పుడు పంక్చరక్క అడిగింది. "నిన్ను కొట్టినవాణ్ణి ఏం చేశారు?"

"ఏం చెయ్యలేదక్కా. ఫిర్యాదు వద్దన్నారు. ఆసుపత్రికి చెడ్డపేరట. వాళ్ళు బాధలో ఉన్నారు, సర్దుకుపొమ్మన్నారు."

"సర్దుకున్నావా?"

ఆ అమ్మాయి గ్లాసు కింద పెట్టింది. "ఇప్పటికీ ఎవరైనా వేగంగా దగ్గరికొస్తే తల పక్కకి తిప్పేసుకుంటున్నా" అంది.

పంక్చరక్క లేచి చెయ్యి కడుక్కుంది. "మీ పెద్దాఫీసరు రేపుంటాడా?"

"మీరొచ్చి ఏం చేస్తారక్కా? మీరు నర్సు కాదు కదా."

"కానుగా. అందుకే వస్తా. నన్ను సర్దుకుపొమ్మనడానికి నేను వాళ్ళ దగ్గర ఉద్యోగం చెయ్యట్లేదు."

మర్నాడు షాపు మూసి, ఆయన్ని చూస్తుండమని మా ఇంట్లో చెప్పి వెళ్ళింది. పెద్దాఫీసరు గదిలో జరిగింది ఆ అమ్మాయే తర్వాత మాకు చెప్పింది. ఆయన ముందు పంక్చరక్కని ఎగాదిగా చూశాడట. "మీరెవరు? యూనియన్ వాళ్ళా?"

"కాదు సార్. మా ఆయన మీ ఆసుపత్రి రోగే. రోగుల తరఫున వచ్చాను."

"రోగుల తరఫువాళ్ళు నర్సుల మీద ఫిర్యాదు ఇస్తారమ్మా."

"ఈసారి నర్సుని కొట్టినవాడి మీద ఇస్తున్నారు. రేపు ఈ పిల్ల భయపడి మంచం దగ్గరికి రాకపోతే నష్టపోయేది మా ఆయన. మీరు కాదు. రాసుకోండి."

ఇప్పుడు తీరిక లేదన్నాడాయన. తీరికయ్యేదాకా కూర్చుంటామంది. బయట బల్ల మీద కూర్చున్నారిద్దరూ. వార్డుల నుంచి వస్తూ పోతూ నర్సులు చూశారు. డ్యూటీ దిగిన ఒకామె వచ్చి పక్కన కూర్చుంది. తర్వాత ఇంకొకామె. బల్ల చాలక కొందరు గోడకి ఆనుకుని నిలబడ్డారు. వాళ్ళలో ఫొటో పెట్టినామె కూడా ఉందని పంక్చరక్కకి తర్వాత గానీ తెలియలేదు. భోజనాల వేళ దాటాక ఆయనే లోపలికి పిలిచి, ఫిర్యాదు తీసుకుని, సంతకం పెట్టి పోలీసులకి పంపాడు.

కొట్టినవాడు ముందు నేను కాదన్నాడు. వార్డులో కెమెరా ఉందని చెప్పాక తల దించుకున్నాడు. కేసు ఇంకా నడుస్తోంది. మూడో వార్డు గుమ్మం దగ్గర ఒక కాపలా మనిషిని పెట్టారు. రెండో నర్సుని వేస్తామన్నారు, ఇంకా వెయ్యలేదు.

పెద్ద సిస్టర్ మళ్ళీ ఫోన్ చేసింది. పిల్లలు నిన్ను రమ్మంటున్నారమ్మా అంది.

"వస్తాను గానీ నోరు కట్టుకుని కూర్చోడానికి రాను. రోగిని అడగకుండా ఫొటో పెట్టకూడదని మీ నియమాల్లో రాయండి. ఏడవండి, తిట్టండి, నేను చదివి ఎవరికీ చెప్పను. పడినవాణ్ణి చూసి నవ్వితే మాత్రం అడుగుతాను. ఇష్టమైతేనే పిలవండి."

ఆలోచిస్తామన్నారు. ఆలోచించి ఆ నియమం రాశారు, ఆవిణ్ణి చేర్చుకున్నారు. బయటిమనిషి ఉన్నచోట మేముండమని కొందరు వెళ్ళిపోయారు. పోయినవాళ్ళని పంక్చరక్క తప్పు పట్టదు. "వాళ్ళ చోటు వాళ్ళకి కావాలనిపించింది. నేనైనా అంతే చేసేదాన్నేమో. అలాగని నేను లేచి పోను కదా" అంటుంది.

ఆయన పుండు మానింది. ఇప్పుడు చక్రాల కుర్చీలో షాపు ముందు కూర్చుని గాలి ఎంత కొట్టాలో వచ్చినవాళ్ళకి ఉపన్యాసాలిస్తున్నాడు. మొన్న నేను స్కూటర్ తీసుకుని వెళితే ఆవిడ ఫోన్ మీద వంగి ఉంది. వార్డులోకి చుట్టాల్ని ఎప్పుడు రానివ్వాలన్న దాని మీద గ్రూపులో పెద్ద గొడవట. అవతలి పక్షం మూడో వార్డు.

"నెగ్గుతావా?" అని అడిగాడాయన.

"ఆ పిల్ల మొండిది, అంత తేలిగ్గా ఒప్పుకోదు" అంది పంక్చరక్క సంతోషంగా. చేతులకి గ్రీజు ఉండటంతో వేలి కణుపుతో ఒక్కొక్క అక్షరమే నొక్కుతోంది. నా స్కూటర్ సంగతి అడిగితే, ఆగమన్నట్టు ఇంకో చెయ్యి పైకెత్తింది.