బిళ్ళ మీద బిళ్ళ

ఈ రోజు మైపాడులో వల లాగి ఒడ్డుకొచ్చాక, మా బావ భుజం నొప్పని టీ బంకులో నొప్పి బిళ్ళ కొన్నాడు. అప్పటికే పొద్దున పరగడుపునే డాక్టరిచ్చిన బిళ్ళ ఒకటి మింగాడు. ఆ బిళ్ళల షీటు ఆయన జేబులోనే ఉంటే రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. పైన పేర్లు వేరు, లోపలి మందు ఒకటే.

“వద్దు బావా, రెండూ ఒకటే. కడుపులో పుండు పడి రక్తం కక్కుకుంటావు.”

“పోరా! మొన్న నా చెప్పులో పీతను పెట్టినోడివి, నీ మాట నమ్మాల్నా?”

బంకు దగ్గరున్న వాళ్ళంతా పగలబడి నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. బిళ్ళ లాక్కుని ఇసుకలో తొక్కేశాను. ఇడ్లీలు తెప్పించి ముందు పెడితే, ఏం కలిపానోనని వాసన చూసి మరీ తిన్నాడు!

పీత పెట్టినోడికి బావ కడుపు గురించి బాధ ఉండకూడదా? మీరే చెప్పండి.