పేరు చెప్పని సహోదరుడు

ఈ మధ్యాహ్నం కొనకనమిట్లలో ఒక ఇంట్లో పెట్టిన ప్రార్థన కూటంలో గంటసేపు ప్రసంగిస్తూ ఉరిమాను. "మీ భయాలు దాచుకోకండి, సంఘం ముందు కుమ్మరించండి!" అన్నాను. మాటమాటకూ బైబిల్లోంచి ఒక వాక్యం తీసి చూపించాను.

తర్వాత ప్రార్థన మనవి చెప్పే వంతు నాకూ వచ్చింది.

"మెడ మీద గడ్డ లేచిన ఒక సహోదరుడి కోసం ప్రార్థించండి. రేపు ఒంగోలు ఆసుపత్రిలో పరీక్ష. పేరు చెప్పలేను" అన్నాను.

ఆ ఇంటి మరియమ్మవ్వ లేచి వచ్చి నేరుగా నా మెడ మీద చెయ్యి వేసింది.

"అవ్వా, నాకు కాదు, ఆ సహోదరుడికి..."

"ఊరుకో నాయనా. ఇంత ఎండలో మఫ్లర్ చుట్టుకోని వచ్చినోడు ఈడ ఇంకెవడున్నాడు? ఆయప్పకు భయంగా ఉందా ఏంది?"

"ఉందవ్వా" అన్నాను. అంతే, మైకు అక్కర్లేని ఆ గొంతుతోనే సంఘమంతా చూస్తుండగా చిన్నపిల్లాడిలా ఏడ్చాను. నా ప్రసంగం విని మొదట లోబడింది నేనే అన్నమాట, అదీ అవ్వ గదిమితే.

భయం పోలేదు. కానీ రేపు అవ్వ కూడా నాతో ఒంగోలు వస్తోంది. మఫ్లర్ సంచిలో పెట్టేశాను.

మీలో ఇంకెవరైనా పేరు చెప్పని సహోదరులుంటే కింద కామెంట్లలో రాయండి. నేనైతే పేరుతోనే అడుగుతున్నాను. గడ్డ నాది, నాకోసం ప్రార్థించండి.